ఒకటో కోర్టు ఆరిందన్నాను

ఫిబ్రవరి 2, సోమవారం. పొద్దున మంచు, పది నుంచి ఎండ. మూడో కోర్టు, నాలుగో కోర్టు కడిగాను. నీళ్లు ఆరు డ్రమ్ములు పట్టాయి.

మా క్లబ్బు టెన్నిస్ టోర్నమెంటుకు పద్నాలుగు రోజులుంది. ఇది ముప్ఫై ఒకటోది. ఒకటో కోర్టుకు కొత్త రంగు వేసి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. టీవీలో బంతి బాగా కనిపిస్తుందని కమిటీవాళ్లు ముదురు నీలం అడిగారు. పాత పచ్చరంగు మీద తడి ఉంటే కంటికి తెలిసేది. మబ్బు పట్టినప్పుడు దీని మీద తెలియదు. నాకు కంటితో పని లేదు కనక నేనేమీ అనలేదు.

గేటు నుంచి షెడ్డు దాకా నడిచి వచ్చాక చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. వెనక్కి వెళితే నీళ్ల ట్యాంకు దగ్గర పడి ఉంది. ఏదో ఆలోచనలో ఉన్నాను.

ఫిబ్రవరి 4, బుధవారం. ఎండ. నెట్లు కట్టాను. మధ్యలో మూడడుగుల ఎత్తు సరిచూశాను.

ఫిబ్రవరి 5, గురువారం. ఎండ, కాస్త గాలి. ఒకటో కోర్టు ఊడ్చి గీతలు తడిగుడ్డతో తుడిచాను.

సెక్రటరీగారు ఆఫీసుకు పిలిచారు. ఈసారి సావనీరులో టోర్నమెంటు చరిత్ర వెయ్యాలట. ఆఫీసు మారినప్పుడు పాత కాగితాలన్నీ పోయాయి.

"మేస్త్రీగారూ, మొదటి నుంచీ ఉన్నది మీరొక్కరే. మీరు చెప్పండి. రాసుకోడానికి ఓ మనిషిని పెడతాను."

"మొదటి నుంచి కాదండీ. నాలుగో ఏటి నుంచి."

"ఆ మూడేళ్లూ చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు లెండి. మీరు ఏం చెబితే అదే చరిత్ర."

చెప్పడం నాకు రాదు, రాసిస్తానన్నాను. ఆయన నమ్మనట్టు చూసి సరేనన్నారు. ఎంతవరకు చదువుకున్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తోచదు. రంగు డ్రమ్ముల మీది అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ని.

ఫిబ్రవరి 8, ఆదివారం. మబ్బు, వాన లేదు. పొద్దున బంతులు కొట్టే గోడకు సున్నం వేశాను. మధ్యాహ్నం అంతా చరిత్ర రాశాను. వాళ్లు ఎలాగూ సగం కొట్టేస్తారు కనక ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను.

మొదటి మూడేళ్లూ మట్టి కోర్టులు. ఇది విన్నదే. ఎనిమిది మంది ఆటగాళ్లు. ఇటుకల కుప్పల మీద కూర్చుని చూసినవాళ్లు నలభై మంది. మొదటి ఏడు గెలిచినాయన కప్పు బస్సులో మరిచిపోయి దిగిపోయాడు. మళ్లీ దొరకలేదు. గెలిచినవాళ్ల బోర్డు మీద ఆయన పేరు ఉంది గాని, అద్దాల బీరువాలో ఉన్న మొదటి కప్పు మాత్రం రెండో ఏటిది.

నాలుగో ఏట గట్టి కోర్టులు వేశారు. కింద కంకర, దాని మీద తారు, తారు మీద ఇసుక కలిపిన రంగు నాలుగు పూతలు. కంకర మొయ్యడానికి వచ్చిన పదకొండు మందిలో నేనొకణ్ని. మూడు పూతలు వేశాక కాంట్రాక్టరు గొడవపడి వెళ్లిపోయాడు. నాలుగోది ఎలా వెయ్యాలో డ్రమ్ము మీద రాసి ఉంది. రెండు రోజులు కూర్చుని చదివాను. మూడో రోజు వేశాను. ఇసుక ఎక్కువైతే బంతి పడి నిలబడిపోతుంది, తక్కువైతే జారుకుంటూ పోతుంది. ఆ ఏడు బంతి బాగా లేచిందన్నారు. నన్ను ఉంచేశారు.

తొమ్మిదో ఏట ఆడవాళ్ల పోటీ మొదలయింది. ఆ ఏడు వాళ్లకు బట్టలు మార్చుకునే గది లేక స్టోరు గది ఖాళీ చేసి ఇచ్చాం. ఫైనల్లో ఓడిపోయినామె రంగు డ్రమ్ముల మధ్య కూర్చుని ఏడిచింది. తర్వాతి ఏడు వచ్చి గెలిచింది.

పదకొండో ఏట సెమీఫైనల్ ముందు వాన కురిసి వెలిసింది. పూత ఆరిందో లేదో అరికాలితో చూసుకోవడం నాకు రంగు వేసే రోజుల్లో పట్టుబడిన అలవాటు. కంటికి ఆరినట్టున్న చోట కూడా కాలికి చల్లగా తగులుతుంది. చెప్పులు విడిచి కోర్టంతా నడిచి ఇంకా ఆరలేదన్నాను. అప్పటి రెఫరీ, "కూలివాడు చెబితే నేను ఆట ఆపాలా?" అని బూట్లతో లోపలికి వెళ్లారు. మూడడుగులు వేసి, పిర్రల మీద నెట్టు దాకా జారుకుంటూ పోయారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆయన ప్యాంటు దులుపుకుని, "ఆ చెప్పుల్లేనాయన్ని పిలవండి" అన్నారు. అప్పటి నుంచి అది రూలు. వాన వెలిశాక నేను నడవాలి, కోర్టు రిజిస్టరులో ఆరింది అని రాసి సంతకం పెట్టాలి. అప్పుడే ఆట.

పదిహేడో ఏట ఆరు రోజులు వాన. ఫైనల్ పక్కనున్న బడిలో చెక్కనేల మీద ఆడించారు. గెలిచినాయనకు నవ్వు రాలేదు.

ఇరవై రెండో ఏటి దాకా పెద్ద ఆటగాళ్లు వచ్చారు. ఇప్పుడు రారు. పైకి వెళ్లేవాళ్లు ఒకసారి వస్తారు, కిందికి దిగేటప్పుడు ఇంకోసారి వస్తారు. మొదటిసారి నా వంక చూడరు. రెండోసారి గుర్తుపట్టి పలకరిస్తారు.

ఈ ఇరవై ఏడేళ్లలో మా తడి కోర్టు మీద ఆటగాడు ఒక్కడూ పడలేదు.

కాగితం ఇచ్చి వచ్చాక గుర్తొచ్చింది, ఈ చివరి వాక్యం రెండుసార్లు రాశానని.

ఫిబ్రవరి 10, మంగళవారం. ఎండ. అంపైరు కుర్చీలకు రంగు వేశాను.

సాయంత్రం ఇంటికి రాగానే మా ఆవిడ కేక పెట్టింది.

"ఏవండీ, ఆగండి! కదలకండి. ఆ కాలు చూడండి."

ఎడమ మడమలో గాజుముక్క. చిటికెనవేలి గోరంత.

"ఎప్పుడు గుచ్చుకుంది?"

"ఇప్పుడే అయ్యుంటుంది."

"చెప్పంతా ఎండిపోయిన నెత్తురు. ఇప్పుడేనంటారేంటి? నొప్పి తెలీలేదా?"

"ఇన్నేళ్లు కోర్టు మీద నడిచిన కాళ్లు. తోలు మందమవదా?"

"చక్కెర ఉన్నవాళ్లకి కాళ్లు మొద్దుబారతాయని ఆ డాక్టరు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. వెళ్లి చూపించుకోండి."

"టోర్నమెంటు కానీ."

"అన్నీ టోర్నమెంటు అయ్యాకే. నేను పోయినా టోర్నమెంటు అయ్యాకే పోవాలి కాబోలు."

గాజుముక్క తీసి కట్టు కట్టింది. పొద్దున విప్పేస్తాను. కట్టుతో వెళితే అడుగుతారు.

ఫిబ్రవరి 12, గురువారం. ఎండ. రబ్బరు పారలు, గాలి మిషన్లు బయటికి తీసి సరిచేశాం.

వాన పడితే నీళ్లు తోసే ఆరుగురూ వచ్చారు. వాళ్లకు పెద్ద మా బావమరిది. అందరూ తువ్వాలు అంటారు. రబ్బరు పారతో నీళ్లు తోశాక అందరూ లేచి నడుం పట్టుకుంటే, వాడు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, భుజాన ఉన్న తువ్వాలు తీసి పల్లపు చోట్లు అద్దుతాడు. వాళ్లమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. మా పెళ్లిలో మా ఆవిడ సామాన్లతో పాటు వాడు కూడా మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు నలభై దాటాయి, ఇద్దరు ఆడపిల్లలు. పద్నాలుగేళ్లుగా నా దగ్గరే పని.

"ఏం బావా, కాళ్లకి బీమా చేయించావా? అవి పోతే టోర్నమెంటే పోతుంది."

"నోరు మూసుకుని పని చూడరా."

"మూసుకుంటా. కానీ నువ్వు కుంటుతున్నావు."

"చెప్పు కరిచింది."

వాడు రబ్బరు పార ఎత్తుకుని అవతలికి వెళ్లాడు.

అందరూ వెళ్లాక షెడ్డు వెనక గచ్చు మీద నీళ్లు చల్లి నడిచాను. కుడికాలికి తెలిసింది. ఎడమకాలికి తోలు మందం. మళ్లీ నడిచాను. రెండింటికీ తెలిసింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం. ఎండ. మళ్లీ నడిచి చూశాను. తెలిసింది.

ఫిబ్రవరి 16, సోమవారం. ఎండ. టోర్నమెంటు మొదలు. నాలుగు కోర్టులూ తెల్లవారేసరికి ఊడ్చాను. కొత్త రంగు మీద బంతి బాగా లేస్తోందని అంటున్నారు.

ఫిబ్రవరి 18, బుధవారం. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా వాన, తర్వాత మబ్బు. ఒకటో కోర్టు నడిచాను. ఆరింది. 3.40.

ఫిబ్రవరి 19, గురువారం. ఎండ. ఏ పనీ చెయ్యలేదు.

నిన్నటిది రాయాలి.

పొడుగమ్మాయి. పందొమ్మిదేళ్లు. అసలు పోటీలోకి రావడానికే ముందు మూడు ఆటలు గెలిచి వచ్చింది. తోడు వాళ్లమ్మ తప్ప ఎవరూ లేరు. ఒకటో కోర్టు మీద మూడో సీడును ఓడించబోతోంది. రెండో సెట్టు నడుస్తుండగా వాన వచ్చింది. వెలిశాక మావాళ్లు నీళ్లు తోశారు, నేను నడిచాను, ఆట మొదలయింది. నాలుగో పాయింటుకు తూర్పు మూలకు బంతి పడింది. ఆ అమ్మాయి పరిగెత్తింది. బేస్‌లైను వెనక కుడికాలు ముందుకు జారిపోయింది, మోకాలు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ చప్పుడు గురించి రాయను.

అక్కడ ఒక పల్లం ఉంది. కంటికి కనబడదు గాని నీళ్లు పోస్తే పళ్లెంలో నిలిచినట్టు నిలుస్తాయి. మేము దాన్ని పళ్లెమనే అంటాం.

అమ్మాయిని మోసుకెళ్లాక వాళ్లమ్మ కోర్టులోకి వచ్చి ఊడిపోయిన ఒంటి బూటు తీసుకుంది. "అంబులెన్సు ఏ గేటు దగ్గరుంటుందండీ?" అని నన్నే అడిగింది. చూపించాను.

కొత్త రంగు. ఇసుక పాళ్లు ఒకసారి చూడాలి. ఆ అమ్మాయి బూట్ల అడుగు అరిగిపోయి ఉన్నా ఉండొచ్చు. ముదురు నీలం వద్దని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం. ఎండ. రెండో కోర్టు నెట్టు తాడు మార్చాను.

విచారణ. సెక్రటరీగారు, కమిటీ వకీలుగారు, ఎదురుగా నేనూ బావమరిదీ. బల్ల మీద రిజిస్టరు తెరిచి పెట్టారు. 3.40, ఆరింది, నా సంతకం.

"మేస్త్రీగారు రాశారంటే ఆరిందనే. దాని గురించి ఇక మాట్లాడక్కర్లేదు" అన్నారు సెక్రటరీగారు. "మరి ఆ తడి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

వకీలుగారు నా వైపు తిరిగారు. "మీరు నడిచి బయటికొచ్చాక ఎవరైనా తడి రబ్బరు పార పట్టుకుని ఆ మూల నుంచి వెళ్లారా?"

"చూడలేదండీ."

అది అబద్ధం కాదు. చూడలేదు.

"నువ్వు చెప్పవయ్యా. పార పట్టుకుని ఎటు నుంచి బయటికొచ్చావు?"

బావమరిది నా వంక చూడలేదు. తువ్వాలు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"అటు నుంచే వచ్చి ఉంటా సార్."

"నీళ్లు కారాయా?"

"కారే ఉంటాయి. రబ్బరు కదా సార్, కారక ఏం చేస్తుంది?"

వకీలుగారు రాసుకున్నారు.

ఫిబ్రవరి 21, శనివారం. ఎండ. సెమీఫైనళ్లు. కోర్టులు ఊడ్చాను.

ఫిబ్రవరి 22, ఆదివారం. ఎండ. ఫైనల్. గెలిచినవాళ్ల బోర్డు మీద రెండు కొత్త పేర్లు రాశాను.

ఫిబ్రవరి 24, మంగళవారం. ఎండ. నెట్లు విప్పి మడతపెట్టాను.

ఇక్కడైనా రాయాలి. ఎవరూ చదవని పుస్తకం ఇది.

3.35కి కోర్టంతా నడిచి తూర్పు మూలకు వచ్చాను. పళ్లెం మీద నిలబడ్డాను. రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డాను. ఏమీ తెలియలేదు. ఏమీ తెలియకపోవడమే ఆరడం అనుకున్నాను. బావమరిది మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో తువ్వాలు.

"బావా, ఇక్కడ ఇంకోసారి అద్దనా?"

"అక్కర్లేదు. ఆరింది."

"చెయ్యి పెడితే చల్లగా ఉన్నట్టుంది."

"నీ చెయ్యి తడిగా ఉంది. లే."

లేచాడు. అంతే. ఇంకెవరూ వినలేదు.

ఫిబ్రవరి 26, గురువారం. ఎండ. రంగు డ్రమ్ములు లెక్కపెట్టి సర్దాను. నిండువి తొమ్మిది, సగానివి రెండు.

పొడుగమ్మాయి మోకాలికి ఆపరేషను అయిందట. నడుస్తుందట. ఆడదట. ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను.

బావమరిదికి ఉత్తరం వచ్చింది. పనిలోంచి తీసేశారు. అజాగ్రత్త వల్ల ఆటగాళ్లకు ప్రమాదం అని రాసి, మిగిలిన క్లబ్బులన్నింటికీ ఒక్కో నకలు పంపించారు. వాడికి ఈ పని తప్ప ఇంకోటి రాదు. ఇక కోర్టున్న చోట ఎవరూ వాణ్ని గేటు దాటనివ్వరు.

ఫిబ్రవరి 27, శుక్రవారం. ఎండ.

అన్నం తింటుంటే మా ఆవిడ అడిగింది.

"ఆ రోజు మీకు తెలిసిందా?"

"ఏది?"

"తడి."

"తడి లేదు. నేను నడిచాక వచ్చింది."

"నేను పార గురించి అడగట్లేదండీ. మీ కాళ్ల గురించి అడుగుతున్నా. మడమలో గాజుపెంకు పెట్టుకుని ఇంటిదాకా నడిచొచ్చారు."

నేను మజ్జిగ అడిగాను. పోసింది.

"వాడు నాకేం చెప్పలేదు. చెప్పడు కూడా. వాడికి నాలుగేళ్లప్పుడు పాలగిన్నె తన్నేసింది నేనైతే, తన్నింది తనేనని దెబ్బలు తిన్నవాడు వాడు." మజ్జిగ గిన్నె మీద మూత పెట్టింది. "ఆ ఇద్దరు పిల్లల మొహం నేనెలా చూడనండీ?"

నేను చెయ్యి కడుక్కున్నాను.

మార్చి 1, ఆదివారం. ఎండ. రేపు వెళ్లి చెబుతాను.

మార్చి 2, సోమవారం. ఎండ. ఆఫీసుకు వెళ్లాను.

సెక్రటరీగారి గదిలో వకీలుగారు కూడా ఉన్నారు. బావమరిది అప్పుడే వచ్చి షెడ్డు తాళాలు బల్ల మీద పెడుతున్నాడు. వాడుండగానే చెప్పడం మంచిదనుకున్నాను. నిలబడే చెప్పాను. నా అరికాళ్లకు స్పర్శ లేదు, ఏడాదిగా తగ్గుతూ వచ్చింది, ఎవరికీ చెప్పలేదు, ఆ రోజు తడి నాకు తెలియలేదు, వాడు తుడుస్తానంటే వద్దన్నది నేను. నా జన్మలో ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడలేదు.

వకీలుగారు పెన్ను మూత పెట్టారు. "ఆయన మీకేమవుతాడు?"

"బావమరిది."

"అదీ సంగతి."

"మేస్త్రీగారూ, ఇంట్లో ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు" అన్నారు సెక్రటరీగారు. "భార్య తమ్ముడు. కూడూ నీళ్లూ సయించవు. కానీ అలాగని మీరు మీ మీద వేసుకుంటే ఎలా? మీ మాట మీద ఇరవై ఏళ్లు ఆట నడిచింది. ఇప్పుడు కాళ్లు పనిచెయ్యవంటే, ఈ ఇరవై ఏళ్ల మాటేంటి?"

"పని చెయ్యవండీ."

"డాక్టరు కాగితం ఉందా?" అన్నారు వకీలుగారు.

లేదు. కాళ్లు చూపించుకోడానికి నేను డాక్టరు దగ్గరికి వెళ్లనే లేదు.

"మరి కాగితం లేకుండా ఎలాగండీ? పదండి, కోర్టు మీదే తేలిపోతుంది."

ఒకటో కోర్టుకు వెళ్లాం. నన్ను కంచె వైపు తిప్పి నిలబెట్టారు. వకీలుగారు మంచినీళ్ల సీసా తెప్పించి ఎక్కడో పోశారు. పైకి తెలియకుండా అద్దమని బావమరిదికి చెప్పారు. వాడు మోకాళ్ల మీద కూర్చుని అద్దుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాను. తర్వాత చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని నడవమన్నారు.

నడిచాను. ఆగాను.

"ఇక్కడ" అన్నాను.

వకీలుగారు చప్పట్లు కొట్టారు. సెక్రటరీగారు వచ్చి నా భుజం తట్టారు. "ఇవి కాళ్లు కావండీ, మీటర్లు. పనిచెయ్యవట! ఇంటికెళ్లి హాయిగా పడుకోండి. మీ మంచితనం మాకు తెలుసు."

బావమరిది ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు.

"మా బావ కాళ్లకేం సార్. వందేళ్లు పనిచేస్తాయి" అన్నాడు.

కాళ్లే చెప్పాయి. నేనేం చెయ్యను?

మార్చి 3, మంగళవారం. ఎండ. పని లేదు.

కాళ్లు చెప్పలేదు.

కళ్లు మూసుకున్నాననే అనుకున్నాను. పూర్తిగా మూసుకోలేదు. నాలుగు గంటల ఎండ పక్క నుంచి పడుతోంది. రెప్పల సందులోంచి తడి మెరిసింది. నేను ఓడిపోవడానికే వెళ్లాను. మొదటి పది అడుగులూ ఓడిపోతూనే నడిచాను. పదకొండో అడుగు దగ్గర వాళ్లు మాట్లాడ్డం మానేశారు. అందరూ ఊపిరి బిగబట్టి నా కాళ్ల వంకే చూస్తున్నారని తెలిసింది. దాటేసి ముందుకు వెళితే సరిపోయేది. ఒక్క అడుగు. దాటలేకపోయాను.

తెలియక అన్న మాట ఫిబ్రవరి 18ది. నిన్నటిది తెలిసే అన్నాను.

మార్చి 4, బుధవారం. ఎండ. డాక్టరు దగ్గరికి వెళ్లాను. సూదితో అరికాళ్లు పొడిచాడు. ఎప్పుడు పొడిచాడో చూస్తే గాని తెలియలేదు. మడమ పుండు లోపలికి పోయిందన్నాడు. ఇకపై ఒక్క రోజు కూడా చెప్పుల్లేకుండా నడవకూడదన్నాడు. కాగితం రాసిచ్చాడు.

మార్చి 5, గురువారం. మబ్బు. కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. వకీలుగారు చదివి తేదీ చూశారు. "ఇది మార్చి నాలుగుది. మాకు కావలసింది ఫిబ్రవరి పద్దెనిమిది." కాగితం మడిచి నా జేబులో ఆయనే పెట్టారు.

మార్చి 7, శనివారం. ఎండ. మూడో కోర్టు ఊడ్చాను.

సాయంత్రం బావమరిది వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అక్కని కొన్నాళ్లు మా ఇంటికి తీసుకెళ్తా బావా. నేను పనికోసం తిరగాలి, ఇంట్లో పిల్లల్ని చూసుకోడానికి మనిషి కావాలి."

"ఎందుకురా అలా అన్నావు? వందేళ్లని?"

"ఏం అనమంటావు? నువ్వు ఆగావు. ఆగినాక నేనేం అననూ?"

"కళ్లు తెరిచానురా."

"తెలుసు. రెప్పలు కదిలాయి." చెప్పులో కాలు సరిచేసుకున్నాడు. "పోనీలే బావా. దాటేస్తావనుకున్నా ఒక క్షణం. అంతే."

మా ఆవిడ సంచీ సర్దుకుని వచ్చింది. మందులు ఏ డబ్బాలో ఉన్నాయో చెప్పింది. మడమకు కట్టు రోజూ మార్చుకోమంది. ఎప్పుడు వస్తావని నేను అడగలేదు. తను చెప్పలేదు. వీధి మలుపు తిరిగేదాకా సంచీ వాడే మోశాడు.

మార్చి 9, సోమవారం. ఎండ. కోర్టులు ఊడ్చాను.

మార్చి 10, మంగళవారం. ఎండ. కోర్టులు ఊడ్చాను. కట్టు మార్చాను.

మార్చి 13, శుక్రవారం. ఎండ. కోర్టులు ఊడ్చాను. కట్టు మార్చలేదు.

మార్చి 17, మంగళవారం. మబ్బు. బావమరిది లారీల దగ్గర మూటలు ఎత్తుతున్నాడట. నడుం పట్టేసి రెండు రోజులు లేవలేదట. రంగుల కొట్టాయన చెప్పాడు. ఇల్లు తెలుసు. వెళ్లలేదు.

మార్చి 22, ఆదివారం. తెల్లవారుజామున వాన, ఎనిమిదింటికి వెలిసింది. ఎండ లేదు, మబ్బు. నాలుగో కోర్టు, మూడో కోర్టు నీళ్లు తోశాం. రెండోది గాలి మిషనుతో ఆరబెట్టాం.

ఇవాళ యాభై దాటిన మెంబర్ల పోటీ. పొట్టలు వేసుకుని అందరూ తొమ్మిదికే వచ్చి కూర్చున్నారు. ఒకటో కోర్టు కావాలని పట్టు.

బావమరిది స్థానంలో కొత్తాయన వచ్చాడు. నిన్నటిదాకా డిపోలో బస్సులు కడిగేవాడు. నలభై అయిదేళ్లుంటాయి. మాటకారి. "బస్సుకి నాలుగు పక్కలే సార్, దీనికి అంతం లేదేంటి?" అంటూనే ఒకటో కోర్టు నీళ్లన్నీ తోశాడు.

నేను చెప్పులు విడిచి కట్టుతోనే నడిచాను. అటు చివర నుంచి మొదలుపెట్టి తూర్పు మూలకు వచ్చాను. ఎవరో గ్యాలరీలోంచి, "మేస్త్రీగారు దిగారు, ఇంక భయం లేదు" అన్నారు. నవ్వారు.

కొత్తాయన నన్ను చూసి సరదాకి తన బూట్లు కూడా విప్పాడు. నా పక్కన పళ్లెం మీద వచ్చి నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే నిలబడ్డాడు.

"సార్, ఇక్కడ చల్లగా తగులుతోంది. ఆరిందంటారా?"

గ్యాలరీలో వాళ్లు రాకెట్లు తీసుకుని లేచారు. రిజిస్టరు తెస్తానని చెప్పి షెడ్డులోకి వచ్చాను. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, కిటికీలోంచి కనిపిస్తున్నాడు. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి అరికాలు చేత్తో తుడుచుకుంటున్నాడు. మెంబర్లు గేటు తీసుకుని లోపలికి వస్తున్నారు. ఆయన ఇటే చూస్తున్నాడు.

రిజిస్టరులో తేదీ వేశాను. వాన అని రాశాను, టైము రాశాను. నాలుగో కోర్టు, మూడో కోర్టు, రెండో కోర్టు, ఆరింది, ఆరింది, ఆరింది. ఒకటో కోర్టు పక్కన ఇంకా ఏమీ రాయకుండా ఈ పుస్తకం తీశాను. బయట పిలుస్తున్నారు. ఒకటో కోర్టు